చిన్న కప్పుకు వెళ్లాలా, నగదు టోర్నీకా, లీగ్‌లోనే ఉండాలా?

ఏటా దసరాకు నెల ముందు మా ఫుట్‌బాల్ జట్టు బాధ్యతలు చూసే నలుగురం అనంతపురంలో మైదానం పక్కన గట్టు మీద కూర్చుంటాం. అప్పటికే ఫోన్లకు ఆహ్వానాలు వచ్చి ఉంటాయి. కర్నూలు వైపు నుంచి ఒకటి: రెండు రోజుల నాకౌట్, గెలిచిన జట్టుకు మంచి నగదు. కడప వైపు నుంచి మరొకటి: నాలుగేసి జట్ల గ్రూపులు, పేరున్న కప్పేమీ కాదు, బహుమతీ అంతంత మాత్రమే. సరిగ్గా ఆ వారాల్లోనే స్థానిక లీగ్ మ్యాచ్‌లు. మా దగ్గర ఉన్నది 22 మంది పిల్లలు, చందాలతో పోగుచేసిన కొద్దిపాటి డబ్బు. మూడింటికీ వెళ్లే శక్తి ఏ ఏడూ లేదు. ఒకటి వదులుకోవాలి, కొన్నిసార్లు రెండు.

11 ఏళ్లుగా ఈ జట్టు జమాఖర్చుల పుస్తకం నా దగ్గరే ఉంది. మొదటి నాలుగైదేళ్లు నేనూ అందరిలాగే బహుమతి ఎంత అని చూసి నిర్ణయం చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ అంకె చివర చూస్తాను. ముందు చూసేది ఒక్కటే: అన్ని మ్యాచ్‌లూ ఓడిపోయినా మా పిల్లలకు ఎన్ని ఆటలు దక్కుతాయి? ఈ ప్రశ్న వేసుకున్న రోజు నుంచి చిన్న కప్పుల మీద నా అభిప్రాయం పూర్తిగా మారిపోయింది. కర్నూలు, కడప, అనంతపురం చుట్టుపక్కల మాలాంటి జట్లు నడిపేవారికి పనికొస్తుందని ఆ లెక్కంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాగితం మీద లెక్క

16 జట్ల నాకౌట్ తీసుకోండి. ప్రతి మ్యాచ్‌లో ఒక జట్టు ఇంటికి పోతుంది, చివరకు ఒకటే మిగలాలి కాబట్టి మొత్తం 15 మ్యాచ్‌లు. మొదటి రౌండు ముగిసేసరికి 8 జట్లు ఒక్క మ్యాచ్ ఆడి బస్సెక్కుతాయి. జట్టుకు సగటున రెండు మ్యాచ్‌లు కూడా రావు.

అవే 16 జట్లను నాలుగు గ్రూపులు చేస్తే ఒక్కో గ్రూపులో 6 మ్యాచ్‌లు, మొత్తం 24. గ్రూపుకు రెండు జట్ల చొప్పున క్వార్టర్ ఫైనల్‌కు తీసుకుంటే ఇంకో 7. మొత్తం 31. అందరికంటే వెనకబడిన జట్టుకు కూడా 3 మ్యాచ్‌లు ఖాయం. ఇక 8 జట్ల లీగ్‌లో ఒక్కొక్కరితో ఒక్కసారి ఆడితే 28 మ్యాచ్‌లు, జట్టుకు 7.

ఇప్పుడు దీన్ని పిల్లల వైపు నుంచి చూడండి. 11 మంది 90 నిమిషాలు ఆడితే ఒక మ్యాచ్‌లో మన జట్టుకు దక్కేది 990 నిమిషాల ఆట. దాన్ని 22 మందికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి 45 నిమిషాలు. మూడు మ్యాచ్‌లైతే 135 నిమిషాలు. నిజానికి ఎవరూ ఇలా సమానంగా పంచరు, పంచలేరు కూడా. ఒకే మ్యాచ్ అయితే గట్టివాళ్లు 14 మంది ఆడతారు, మిగిలిన 8 మంది చెప్పులతో కూర్చుని చూస్తారు. మూడు మ్యాచ్‌లు ఉన్నాయని ముందే తెలిస్తేనే కోచ్‌కు ఆ ఎనిమిది మందిని దింపే ధైర్యం వస్తుంది.

ఖర్చు సంగతి. అనంతపురం నుంచి కర్నూలైనా, తాడిపత్రి మీదుగా కడపైనా రమారమి 150 కిలోమీటర్లు. బస్సు బాడుగ, ఎంట్రీ ఫీజు, భోజనాలు కలిపి నాకౌట్‌కు 12,000 రూపాయలు అవుతుందనుకుందాం. తొలి రౌండులో ఓడితే ఆ ఒక్క మ్యాచ్ ఖరీదు 12,000. గ్రూపుల కప్పుకు ఒక రాత్రి బస అదనం, 18,000 అవుతుందనుకుందాం. మూడూ ఓడినా మ్యాచ్‌కు 6,000. చేతి నుంచి ఎక్కువ పోయినట్టు కనిపిస్తుంది కానీ కొన్న ఆట సగం ధరకే వచ్చింది. మీ అసలు అంకెలు వేసుకుని చూడండి, నిష్పత్తి పెద్దగా మారదు.

నగదు టోర్నీ

దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మన జట్లను ఎక్కువగా లాగేది ఇదే.

బహుమతి 50,000 అని పెద్ద అక్షరాలతో రాస్తారు. 16 జట్లు, ఎంట్రీ ఫీజు 3,000 అయితే వసూలయ్యేది 48,000. అంటే ఆ బహుమతి దాదాపు మొత్తం మనం కట్టిందే, తిరిగి ఒకరి చేతికి వెళుతుంది. అందరూ సమానమైన జట్లే అనుకున్నా మన వాటా పదహారోవంతు. అందరూ సమానం కారు కూడా. నగదు పెరిగే కొద్దీ బెంగళూరు నుంచి మ్యాచ్‌కు ఇంతని మాట్లాడుకుని తెచ్చిన ఆటగాళ్లు దిగుతారు. అది తప్పని నేను అనను, ఆట మీద బతికేవారికి అదొక కూలి. కానీ 17 ఏళ్ల మన పిల్లవాడు ఆ మ్యాచ్‌లో నేర్చుకునేది తక్కువ, నీరసపడేది ఎక్కువ.

నాలుగేళ్ల కిందట ఒక టోర్నీకి వెళ్లాం. ఊరు, పేరు ఇక్కడ అక్కర్లేదు. మధ్యాహ్నం మూడింటికి అన్న మ్యాచ్ అయిదు దాటాక మొదలైంది. వెలుతురు చాలదని సగానికి 20 నిమిషాల చొప్పున కుదించారు. గోల్ పడలేదు, ఒకరి తరువాత ఒకరు గోల్ కీపర్ ఎదుట బంతి కొట్టి ఫలితం తేల్చే పెనాల్టీ షూటౌట్‌లో ఓడిపోయాం. తెల్లవారుజామున లేచి వచ్చిన పిల్లల్లో తొమ్మిది మంది మైదానంలో అడుగే పెట్టలేదు. తిరుగు ప్రయాణంలో వాళ్ల బూట్లు సంచిలోంచి తీసినవి తీసినట్టే శుభ్రంగా ఉన్నాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గెలిచిన జట్టుకు కూడా సగం సొమ్మే చేతికిచ్చి మిగతాది తరువాత పంపుతామన్నారట. ఆ జట్టు పెద్ద మనిషి ఏడాది తరువాత కలిసినప్పుడు ఇంకా రాలేదనే చెప్పాడు.

అలాగని నాకౌట్‌ను పూర్తిగా తోసిపుచ్చను. ఉద్యోగాలు, సంసారాలు ఉండి ఒక్క ఆదివారం మాత్రమే ఖాళీ చేసుకోగలిగినవారి జట్టుకు అదే సరైన ఎంపిక. ఓడితే ముగిసింది అన్న ఒత్తిడిలో ఆడడం కూడా ఒక చదువే. 20 ఏళ్లు దాటి, కలిసి మూడు నాలుగేళ్లు ఆడిన జట్టు ఏడాదికి ఒకటి ఆడితే మంచిది. ఎదుగుతున్న పిల్లల జట్టు ఏడాది మొత్తం అవే పట్టుకుని తిరగడమే నాకు నచ్చనిది.

గ్రూపుల చిన్న కప్పు

మూడు మ్యాచ్‌లు ఖాయం కావడం వల్ల ఏమవుతుందో చెప్పడానికి 2025 డ్యూరాండ్ కప్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1888లో సిమ్లా కొండల్లో సైనిక జట్ల కోసం మొదలైన ఆ కప్పు 2025లో 24 జట్లతో, నాలుగేసి జట్ల ఆరు గ్రూపులుగా జరిగింది. బెంగాల్‌లో 2022లో పుట్టిన డైమండ్ హార్బర్ జట్టు 2025లోనే తొలిసారి అందులో ఆడింది. గ్రూపు చివరి మ్యాచ్‌లో మోహన్ బగాన్ చేతిలో 5-1తో చిత్తయింది. నాకౌట్ అయితే అక్కడితో కథ ముగిసేది. కానీ అంతకుముందు గెలిచిన రెండు గ్రూపు మ్యాచ్‌ల బలంతో క్వార్టర్ ఫైనల్ చేరింది, జంషెడ్‌పూర్‌ను ఓడించింది, సెమీస్‌లో ఈస్ట్ బెంగాల్‌ను 2-1తో ఇంటికి పంపింది. ఫైనల్లో నార్త్ ఈస్ట్ యునైటెడ్ 6-1తో గెలిచింది, సరే. మూడేళ్ల జట్టు ఫైనల్ ఆడింది! అయిదు గోల్స్ తిన్న ఒక్క మ్యాచ్‌తోనే ఇంటికి పోనవసరం లేదన్న సంగతే దానికి దారి వేసింది.

ఆ కప్పునే 2024లో గెలిచినప్పుడు నార్త్ ఈస్ట్ యునైటెడ్‌కు అది మొట్టమొదటి పెద్ద ట్రోఫీ. ఇండియన్ సూపర్ లీగ్‌లో మొదటి నుంచీ ఉండి కూడా పదేళ్లు ఏమీ గెలవని జట్టు అది. లీగ్‌లో పై వరుసకు చేరడానికి ఏళ్లు పట్టే జట్టుకు, చేతితో పట్టుకోగల ఒక ట్రోఫీ కప్పులోనే దొరుకుతుంది.

ఇంగ్లండ్‌లో దీన్ని ఇంకా స్పష్టంగా చూడవచ్చు. అక్కడ పై నుంచి మూడు, నాలుగు అంచెల లీగ్ క్లబ్బుల కోసం 1983-84లో ఒక చిన్న కప్పు పెట్టారు. ఇప్పుడు దాన్ని ఇ.ఎఫ్.ఎల్. (ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్) ట్రోఫీ అంటున్నారు. చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు, తొలి దశలో కొన్ని మ్యాచ్‌లకు వందల్లోనే జనం వస్తారు. అదే కప్పు ఫైనల్‌కు 2019లో వెంబ్లీ స్టేడియంలో 85,021 మంది వచ్చారు. పోర్ట్స్‌మత్, సండర్లాండ్ జట్లు, రెండూ అప్పుడు మూడో అంచెలోనివి. 2-2తో ముగిసి షూటౌట్‌లో పోర్ట్స్‌మత్ గెలిచింది.

లూటన్ టౌన్ కథ విన్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. 2008-09లో ఆర్థిక అవకతవకల కారణంగా ఆ క్లబ్బుకు 30 పాయింట్ల కోత పడింది. లీగ్‌లో అట్టడుగుకు వెళ్లి ఫుట్‌బాల్ లీగ్ నుంచే బయటికి పోవడం దాదాపు ఖాయమైపోయింది. ఆ ఏడాదే ఈ చిన్న కప్పు ఫైనల్ చేరారు. 40,000 మందికి పైగా అభిమానులు వెంబ్లీకి తరలివెళ్లారు. అదనపు సమయంలో స్కన్‌థార్ప్ మీద 3-2తో గెలిచారు. కొద్ది రోజులకే క్లబ్బు లీగ్ నుంచి కిందికి జారిపోయింది. అయినా ఊరు క్లబ్బును విడవలేదు. 2023లో అదే లూటన్ ప్రీమియర్ లీగ్ చేరింది. ఆ కప్పే వాళ్లను పైకి తెచ్చిందని నేను చెప్పను. అంత చెడ్డ ఏడాదిలో కూడా జనానికి ఒక మంచి రోజును ఇచ్చింది మాత్రం ఆ కప్పే.

ఈ ట్రోఫీ నుంచి మన నిర్వాహకులు తెచ్చుకోదగిన నియమం ఒకటుంది. గ్రూపు మ్యాచ్ డ్రా అయితే అక్కడితో వదిలేయరు. వెంటనే షూటౌట్ పెడతారు, గెలిచినవారికి 2 పాయింట్లు, ఓడినవారికి 1. పిల్లలకు పెనాల్టీ కొట్టే భయం పోవడానికి, రెండో గోల్ కీపర్‌కు చేతినిండా పని దొరకడానికి ఇంతకంటే తేలికైన మార్గం లేదు.

తెచ్చుకోకూడని నియమమూ ఉంది. బలహీన జట్లను దింపుతున్నారని, ముఖ్య ఆటగాళ్లలో కొందరిని తప్పనిసరిగా ఆడించాలని షరతు పెట్టారు. 2016లో బ్రాడ్‌ఫర్డ్ సిటీ ఆ షరతు తీర్చడానికి తమ మొదటి గోల్ కీపర్ కాలిన్ డాయిల్‌ను దింపి, మూడో నిమిషంలోనే బయటికి పిలిచింది. అదే ఏడాది కుర్రవాళ్లను ఆడించినందుకు లూటన్, పోర్ట్స్‌మత్ క్లబ్బులకు 15,000 పౌండ్ల చొప్పున జరిమానా పడింది. చిన్న కప్పుకు ఉన్న అసలు విలువే కొత్తవారికి చోటు ఇవ్వడం. ఆ పని చేసినందుకు జరిమానా వేస్తే కప్పు ఎందుకు?

అదే 2016-17లో పెద్ద క్లబ్బుల 21 ఏళ్లలోపు జట్లను కూడా ఆ కప్పులోకి తెచ్చారు. చిన్న క్లబ్బుల అభిమానులు మండిపడ్డారు, చాలామంది మ్యాచ్‌లకు వెళ్లడం మానేశారు. వారి కోపం నాకు అర్థమవుతుంది: తమకోసం పెట్టిన కప్పు పెద్దవాళ్ల పిల్లలకు సాధన మైదానం అయిపోయింది. మన దగ్గర మాత్రం ఇదే విషయాన్ని నేను మరోలా చూస్తాను. అనంతపురంలో 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్.డి.టి. (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) సంస్థ వారి క్రీడా గ్రామంలో ఎందరో పల్లె పిల్లలు ఫుట్‌బాల్ నేర్చుకున్నారు. అలా పద్ధతిగా సాధన చేసిన కుర్రవాళ్లతో మన జట్టుకు మ్యాచ్ పడితే అది వరమే. బంతి లేనప్పుడు ఎలా కదలాలో మావాళ్లకు నేను నోటితో ఎంత చెప్పినా ఎక్కనిది, అలాంటి జట్టుతో 90 నిమిషాలు ఆడితే ఎక్కింది. అకాడమీ జట్టు వస్తోందని ఏ కప్పునూ వదులుకోకండి. వయసు ధ్రువపత్రాలు అందరికీ ఒకేలా చూస్తారా అన్నది మాత్రం అడగండి.

పెద్ద కప్పులో అదృష్టం

కొందరు అంటారు: చిన్న కప్పులతో ఏం వస్తుంది, అందరికీ తలుపు తెరిచిన పెద్ద టోర్నీలో ఆడితే ఒక్క మ్యాచ్‌తో దశ తిరుగుతుంది కదా అని. వారు చూపే ఉదాహరణలు నిజమైనవే. ఇంగ్లండ్‌లో అయిదో అంచె క్లబ్బు ఎక్సెటర్ సిటీ 2005 జనవరిలో, చిన్నా పెద్దా క్లబ్బులన్నీ ఆడే ఎఫ్.ఎ. కప్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను వాళ్ల మైదానంలోనే 0-0తో నిలువరించింది. డ్రా కావడంతో తిరుగు మ్యాచ్ సొంత ఊళ్లో జరిగింది. ఓడిపోయారు కానీ ఆ రెండు మ్యాచ్‌ల రాబడి, అభిమానుల చేతిలో నడుస్తున్న ఆ క్లబ్బును అప్పుల నుంచి గట్టెక్కించింది. 2021 జనవరిలో ఎనిమిదో అంచె జట్టు మెరైన్‌కు టోటెన్‌హామ్‌తో మ్యాచ్ పడింది. కోవిడ్ వల్ల జనాన్ని రానివ్వకపోతే, మైదానంలోకి ప్రవేశం లేని, పేరుకు మాత్రమే అయిన టిక్కెట్లు 10 పౌండ్లకు ఒకటి చొప్పున అమ్మారు. 30,000కు పైగా అమ్ముడయ్యాయి.

ఇవి మనకు వర్తించవు. ఎందుకో సూటిగా చెబుతాను. అక్కడ డబ్బు వచ్చింది టిక్కెట్ల నుంచి, టీవీ నుంచి. మన దగ్గర ఫుట్‌బాల్ మ్యాచ్‌కు టిక్కెట్టు లేదు. 2024లో దులీప్ ట్రోఫీ క్రికెట్ అనంతపురంలో జరిగినప్పుడు పేరున్న ఆటగాళ్లను చూడడానికి జనం వచ్చారు. మా మ్యాచ్‌కు వచ్చేది తల్లిదండ్రులు, పాత ఆటగాళ్లు, దారిన పోతూ సైకిల్ ఆపినవాళ్లు. వాళ్లే మాకు విలువైనవాళ్లు, కానీ వాళ్ల దగ్గర టిక్కెట్టు డబ్బు అడగలేం. పైగా ఇంగ్లండ్‌లో కూడా 2024-25 నుంచి ఎఫ్.ఎ. కప్ ప్రధాన రౌండ్లలో తిరుగు మ్యాచ్‌లు ఎత్తేశారు. ఎక్సెటర్‌కు దొరికిన ఆ రెండో మ్యాచ్ ఇప్పుడు ఎవరికీ దొరకదు.

కాబట్టి పెద్ద టోర్నీకి డబ్బు ఆశతో వెళ్లకండి. రెండు మూడేళ్లకు ఒకసారి, మన స్థాయి ఎక్కడుందో తెలుసుకోవడానికి వెళ్లండి. 8-0తో ఓడినా తట్టుకోగల వయసు పిల్లలు ఉన్నప్పుడే వెళ్లండి.

లీగ్ సంగతి

లీగ్‌ను వదులుకోమని నేను ఎప్పుడూ చెప్పను. సాధనకు క్రమం అక్కడే వస్తుంది. వచ్చే ఆదివారం మ్యాచ్ ఉందన్న తలంపే పిల్లలను పొద్దున్నే మైదానానికి రప్పిస్తుంది. అయితే స్థానిక లీగ్‌లో ఏటా ఎదురయ్యేది అవే ఏడెనిమిది జట్లు. ఎవరి ఎడమకాలు ఎంత బలహీనమో అందరికీ అందరివీ తెలుసు. ఆ అలవాటును చెదరగొట్టడానికి బయటి ఊరి కప్పు ఒకటి ఉండాలి.

ఇంకో సంగతి మన పాత చరిత్రలోనే ఉంది. 1996లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ వచ్చేదాకా ఈ దేశంలో జాతీయ స్థాయి లీగే లేదు. అప్పటిదాకా క్లబ్బుల పేరంతా కప్పుల మీదే నిలిచింది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది, 1950లోనే డ్యూరాండ్ కూడా. ఆయనే శిక్షకుడిగా భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ గెలిచింది. జిల్లాల్లో, పోలీసు లైన్లలో, రైల్వే మైదానాల్లో జరిగిన చిన్నచిన్న కప్పుల్లో రాటుదేలినవారే ఆ జట్లలోకి వెళ్లారు. ఆ రోవర్స్ కప్పు ఇప్పుడు లేదు. ఫెడరేషన్ కప్పు కూడా 2017తో ఆగిపోయింది. పెద్దవే ఆగిపోతుంటే ఊరి కప్పులను నిలబెట్టడం మన చేతుల్లోనే ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మనమే కప్పు పెడితే?

ఇది నాలుగో దారి. ప్రయాణం ఖర్చు ఉండదు, 22 మందీ అక్కడే ఉంటారు, చిన్న పిల్లలు బంతులు అందిస్తూ ఆట నేర్చుకుంటారు. కానీ మొదటి ఏడాదే 16 జట్లను పిలవకండి. నాలుగు జట్లు చాలు: 6 మ్యాచ్‌లు, ఒక ఫైనల్, మూడు రోజులు. రిఫరీల భత్యం, మంచినీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె, దెబ్బ తగిలితే ఆస్పత్రికి తీసుకెళ్లడానికి ఒక వాహనం, ఈ నాలుగూ కుదిరాకే ట్రోఫీ కొనడానికి వెళ్లండి. మేము మొదటి ఏడాది ముందు ట్రోఫీ కొన్నాం. నీళ్ల ట్యాంకరు గురించి రెండో రోజు మధ్యాహ్నం గుర్తొచ్చింది.

తేదీలు చాలా ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మధ్యాహ్నం ఆట పెట్టడం నేరంతో సమానం. ఆషాఢంలో గాలికి పైకి లేచిన బంతి ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. మార్చిలో ఇంటర్ పరీక్షలు, కదిరి నరసింహస్వామి తేరు. జూన్, జూలైలో వాన పడితే వేరుశనగ విత్తనం, అక్టోబరు, నవంబరులో వేరుశనగ పీకే రోజులు. పల్లె పిల్లలు సగం మంది చేలల్లోనే ఉంటారు, ఉండాలి కూడా. డిసెంబరు నుంచి సంక్రాంతి దాకా, ఆ తరువాత ఫిబ్రవరి మధ్య వరకు మనకు దొరికే మంచి కాలం. పట్టణ పిల్లల జట్టుకు దసరా సెలవులు బాగుంటాయి, పల్లె పిల్లల జట్టుకు అవే ఇబ్బంది. అందుకే ఇతరుల కప్పుకు వెళ్లేటప్పుడు కూడా ఆహ్వానంలో బహుమతి కంటే ముందు తేదీ చదవండి.

ఎవరికి ఏది

18 ఏళ్లలోపు పిల్లలే ఎక్కువ ఉన్న జట్టయితే లీగ్, దానికి తోడు ఏడాదికి ఒక గ్రూపుల కప్పు. నగదు నాకౌట్ వద్దు. ఈ విషయంలో నాకు అనుమానమే లేదు.

కొత్తగా పుట్టిన జట్టు, ఇంకా లీగ్‌లో నమోదు కాలేదు అనుకుంటే ముందు ఇరుగుపొరుగు మూడు జట్లతో కలిసి సొంత చిన్న కప్పు. నమోదు ఖర్చు పెట్టేముందు పిల్లలు నిలకడగా వస్తారో లేదో తెలిసిపోతుంది.

20 ఏళ్లు దాటిన, కలిసి ఆడి ఆరితేరిన జట్టయితే నగదు టోర్నీ ఆడవచ్చు, సొమ్ములో కొంత భాగం ఊరి పిల్లల జట్టుకు బంతులు కొనడానికి తీసిపెట్టాలన్న షరతు ముందే రాసుకుని.

బాలికల జట్టు ఉంటే లెక్క వేరు. బాలికల జట్లు తక్కువ కాబట్టి మూడు మ్యాచ్‌లు దొరికే కప్పు ఎక్కడ వినబడినా, దూరమైనా, బహుమతి ఏమీ లేకపోయినా వెళ్లండి. బసకు తలుపులు గడియ పడే గదులు, శుభ్రమైన మరుగుదొడ్లు ఉన్నాయా అని ఫోనులో అడగడం కాదు, ఒకరు ముందు రోజు వెళ్లి చూసి రావాలి. వెంట ఒక మహిళా పర్యవేక్షకురాలు లేకుండా బస్సు కదలకూడదు.

ఎంట్రీ ఫీజు పంపే ముందు నిర్వాహకులను నేను అడిగే ప్రశ్నలు ఇవి. ఎన్ని మ్యాచ్‌లు ఖాయం? సగానికి ఎన్ని నిమిషాలు? ఒక మ్యాచ్‌లో ఎంతమందిని మార్చుకోనిస్తారు? రెండు మ్యాచ్‌ల మధ్య విశ్రాంతి ఎంత? రిఫరీలు గుర్తింపు ఉన్నవారేనా? జట్టు రాకపోతే, వాన పడితే ఫీజు ఏమవుతుంది? చివరిది, పోయిన ఏడాది ఆడిన ఒక జట్టు ఫోను నంబరు ఇస్తారా? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబుతోనే నాకు చాలావరకు తేలిపోతుంది. మంచి నిర్వాహకులు వెంటనే ఇద్దరు ముగ్గురి నంబర్లు పంపుతారు.

విశ్రాంతి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. గ్రూపుల కప్పును రెండు రోజుల్లో ముగించాలని ఒకే రోజు రెండు పూర్తి మ్యాచ్‌లు ఆడించేవారు ఉన్నారు. అలాంటి చోట మూడు మ్యాచ్‌లు ఖాయమన్నది పిల్లల మోకాళ్ల మీద చేసిన అప్పు. సగానికి 25 నిమిషాలకు తగ్గించి రెండు ఆడిస్తే ఫరవాలేదు. 45 చొప్పున రెండైతే ఎంత మంచి కప్పైనా రామని చెప్పేయండి.

ఈ ఏడు మా నిర్ణయం అయిపోయింది. కర్నూలు నాకౌట్‌కు రాలేమని మర్యాదగా చెప్పాం. లీగ్‌లో ఒక మ్యాచ్ తేదీ మార్చమని అడిగితే అవతలి జట్టు ఒప్పుకుంది, వాళ్లకూ ఆ వారం వేరుశనగ పనులున్నాయి. కడప కప్పుకు ఎంట్రీ ఫీజు పంపాం. పల్లె పిల్లలు ఆరుగురు పంట పనుల వల్ల రాలేరు, వాళ్ల బదులు పదహారేళ్ల వాళ్లను ఆరుగురిని తీసుకెళుతున్నాం. మొదటి మ్యాచ్‌లో గోల్ దగ్గర నిలబడేది మా రెండో గోల్ కీపర్. రెండేళ్లుగా జట్టుతో తిరుగుతూ ఇప్పటికి పూర్తి మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. ఈ మాట చెప్పినప్పుడు ఆ అబ్బాయి ఏమీ అనలేదు, మర్నాడు పొద్దున నేను మైదానానికి వెళ్లేసరికి ఒక్కడే గోడకు బంతి కొట్టి పట్టుకుంటున్నాడు. బస్సు తెల్లవారుజామున నాలుగున్నరకు. తాడిపత్రిలో ఆగి ఉగ్గాని, బజ్జీ తిని బయలుదేరతాం.